మార్పులు చేసిన టర్బో కారుకు చల్లని గాలి అందించడం ఎలా: నెల్లూరు, ఒంగోలు ఎండలకు తగిన పద్ధతి

టర్బో (ఎగ్జాస్ట్ పొగ బలంతో తిరిగి ఇంజనులోకి గాలిని నొక్కే పరికరం) ఉన్న పెట్రోలు కారుకు స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజను కంప్యూటరు ప్రోగ్రాము మార్చి శక్తి పెంచడం) చేయించుకుని నెల్లూరులోనో ఒంగోలులోనో నడిపేవారికి ఏప్రిల్ దాటగానే ఒక తేడా తెలిసివస్తుంది. జనవరిలో కావలి వైపు హైవే ఎక్కి యాక్సిలరేటరు నొక్కితే దూసుకుపోయిన కారు, రోహిణి కార్తెలో అదే రోడ్డు మీద పికప్ తగ్గి బరువుగా కదులుతుంది. దీనికి విరుగుడుగా చాలామంది కంపెనీ ఇచ్చిన ఫిల్టరు పెట్టెను తీసివేసి, బానెట్ కింద శంకువు ఆకారంలో ఉండే ఓపెన్ ఫిల్టరు బిగించుకుంటారు. చప్పుడు మారుతుంది, టర్బో ఈల స్పష్టంగా వినిపిస్తుంది, కారు చురుకెక్కినట్టే అనిపిస్తుంది. అయితే ఆ ఫిల్టరు పీల్చేది రేడియేటరు, ఎగ్జాస్ట్ మానిఫోల్డు, టర్బో కలిసి కాచిన బానెట్ లోపలి గాలిని. మే నెల మధ్యాహ్నం ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో నిలబడి ఉన్నప్పుడు అంతకంటే వేడి గాలి ఆ కారులో మరెక్కడా దొరకదు.

అందువల్ల ఈ వ్యాసంలో ఫిల్టరు మార్చడం గురించి తక్కువగా, గాలి ఎక్కడి నుంచి వస్తున్నదన్న విషయం గురించి ఎక్కువగా చెబుతాను. గాలి తీసుకునే చోటు సరిగా ఎంచుకుని, అక్కడి నుంచి టర్బో నోటి దాకా దారిలో వేడి, దుమ్ము, నీరు చొరబడకుండా మూసివేస్తే, మన ప్రాంతంలో ఇన్‌టేక్ (ఇంజనులోకి గాలి వచ్చే దారి) వల్ల రావలసిన లాభంలో ఎక్కువ భాగం వచ్చినట్టే.

వేడి ఎంత నష్టం చేస్తుంది

పనిలోకి దిగే ముందు ఒక చిన్న లెక్క చూడండి. బయట 42 డిగ్రీల ఎండ ఉందనుకోండి. చక్కగా మూసిన పెట్టెలోకి 47 డిగ్రీల గాలి, ఓపెన్ ఫిల్టరులోకి 67 డిగ్రీల గాలి వెళుతున్నాయనుకోండి. ఈ 20 డిగ్రీల తేడా వల్లనే గాలి సాంద్రత సుమారు 6 శాతం తగ్గుతుంది, అంటే అంతే బరువు గాలిని పంపడానికి టర్బో ఇంకా వేగంగా తిరగవలసి వస్తుంది. టర్బో గాలిని రెండు రెట్ల ఒత్తిడికి నొక్కుతూ, దాని కంప్రెసర్ (గాలిని నొక్కే చక్రం ఉన్న భాగం) 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తుంటే, 47 డిగ్రీల గాలి సుమారు 147 డిగ్రీలై బయటికి వస్తుంది, 67 డిగ్రీల గాలి 173 డిగ్రీలకు చేరుతుంది. గుమ్మం దగ్గర 20 డిగ్రీలున్న తేడా కంప్రెసర్ దాటేసరికి 26 అవుతుంది. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ కూడా 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తే ఇంజనుకు చేరే గాలి మొదటి సందర్భంలో 73 డిగ్రీల దగ్గర, రెండో సందర్భంలో 81 డిగ్రీల దగ్గర ఉంటుంది.

ఇంటర్‌కూలర్ తేడాను చాలావరకు మింగేసి 8 డిగ్రీలకు తెచ్చింది కదా, ఇక ఈ శ్రమ ఎందుకని మీరు అడగవచ్చు. టర్బో పెట్రోలు ఇంజనులో ఆ 8 డిగ్రీలే నాకింగ్‌కు, అంటే సిలిండర్లో ఇంధనం అదుపు తప్పి పేలడానికి, హద్దు గీస్తాయి. ఇన్‌టేక్ మానిఫోల్డులో (గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల్లో) గాలి వేడి పెరిగేకొద్దీ ఈసీయూ (ఇంజను కంప్యూటరు) స్పార్కును ఆలస్యం చేస్తుంది, కొన్ని కార్లలో బూస్టును (టర్బో ఇచ్చే అదనపు ఒత్తిడిని) కూడా తగ్గిస్తుంది. రీమ్యాప్ చేసిన కారు అసలే ఆ హద్దుకు దగ్గరగా నడుస్తుంటుంది కనుక ఎండ దెబ్బ దానికి ముందుగా తగులుతుంది. మీ కారు మే నెలలో మందగించడానికి ప్రధాన కారణం ఇదే. ఇంటర్‌కూలర్ చిన్నదైనా, దాని రెక్కల్లో మట్టి పేరుకుపోయినా ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

ముందు కొలవండి

ఏ బోల్టూ విప్పకముందే ఇప్పుడున్న పరిస్థితిని కొలిచి కాగితం మీద రాసుకోండి. కొలత లేకుండా చేసిన మార్పు మంచిదో చెడ్డదో చెవికి తెలియదు, ఎందుకంటే పెద్ద చప్పుడు చేసే ఇన్‌టేక్ ఎప్పుడూ వేగంగానే అనిపిస్తుంది.

ఉష్ణోగ్రత కోసం ఫ్రిజ్ మెకానిక్కులు వాడే వైరు ప్రోబు డిజిటల్ థర్మామీటరు సరిపోతుంది. ప్రోబు కొనను ఫిల్టరు పెట్టెలో దుమ్ము వైపు, అంటే గాలి ఫిల్టరును చేరకముందు ఉండే భాగంలో, గోడకు తగలకుండా గాలిలో వేలాడేలా పెట్టి, వైరును పెట్టె అంచు రబ్బరు కింది నుంచి తెచ్చి కారు లోపలికి లాగండి. ప్రోబును శుభ్రమైన వైపు ఎప్పుడూ పెట్టకండి, ఊడితే అది నేరుగా టర్బోలోకి పోతుంది. రెండో థర్మామీటరును అద్దం బయట నీడలో ఉంచితే బయటి వేడి తెలుస్తుంది. మీకు కావలసింది ఈ రెండింటి మధ్య తేడా మాత్రమే. ఉత్త అంకెకు విలువ లేదు, పొద్దున 34 డిగ్రీలప్పుడు చూసి, మార్పు చేశాక మధ్యాహ్నం 43 డిగ్రీలప్పుడు చూసి పోల్చుకోవడం వృథా.

ఓబీడీ స్కానరు (కారు కంప్యూటరులోని అంకెలు చదివే పరికరం) ఉంటే దాన్ని కూడా వాడండి, కానీ ఒక జాగ్రత్త అవసరం. చాలా టర్బో కార్లలో ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత చూపే సెన్సారు ఇంటర్‌కూలర్ తరువాత మానిఫోల్డు మీద ఉంటుంది. అది చూపే అంకె పెట్టెలోని గాలిది కాదు. రెండు అంకెలూ అవసరమే, ఒకటి మీ పని ఎంత బాగుందో చెబుతుంది, మరొకటి దాని వల్ల ఇంజనుకు ఎంత మేలు జరిగిందో చెబుతుంది.

మూడు పరిస్థితులలో రాసుకోండి. ఇంజను బాగా వేడెక్కిన తరువాత ఏసీ వేసి పది నిమిషాలు నిలిపి ఉంచినప్పుడు ఒకసారి, హైవే మీద 80 కిలోమీటర్ల నిలకడ వేగంతో పోతున్నప్పుడు ఒకసారి, ట్రాఫిక్‌లోంచి బయటపడి వేగం అందుకున్నాక ఆ తేడా ఎంతసేపటికి తగ్గుతుందో మూడోసారి. అంకెలు పక్కసీటులో ఉన్నవారు చదవాలి, నడిపేవారు రోడ్డు మీదే చూపు ఉంచాలి. 80 కిలోమీటర్ల వేగంలో తేడా 5 డిగ్రీల లోపు ఉంటే మీ కంపెనీ ఇన్‌టేక్ బాగానే ఉన్నట్టు లెక్క, ఆ డబ్బు ఇంటర్‌కూలరు మీద పెట్టడం మేలు. నిలబడినప్పుడు 20 డిగ్రీలు దాటినా, కదిలాక చాలాసేపు దిగకపోయినా పని ఉంది.

గొట్టంతో ఒత్తిడి కొలవడం

ఉష్ణోగ్రతను కొలిచేవారు కూడా ఒత్తిడిని వదిలేస్తారు. ఫిల్టరు, పైపు గాలికి అడ్డుపడితే టర్బో నోటి దగ్గర ఒత్తిడి తగ్గుతుంది, అదే బూస్టు ఇవ్వడానికి టర్బో ఎక్కువ నొక్కవలసి వస్తుంది, ఎక్కువ నొక్కితే గాలి ఎక్కువ వేడెక్కుతుంది. అంటే ఇరుకు దారి కూడా చివరికి వేడిగానే మారుతుంది.

దీన్ని కొలవడానికి ఖరీదైన మీటరు అక్కరలేదు. గోడ కట్టే మేస్త్రీలు మట్టం చూడడానికి వాడే పారదర్శక లెవెల్ గొట్టాన్ని ఇనుప సామాన్ల దుకాణంలో నాలుగైదు మీటర్లు కొనండి. ఒక చెక్కపట్టీ మీద యూ ఆకారంలో, ఒక్కో కాలు మీటరు ఎత్తు ఉండేలా క్లిప్పులతో బిగించి, సగం దాకా నీళ్ళు పోసి, స్పష్టంగా కనబడేందుకు బట్టలకు వేసే నీలి ఒక చుక్క కలపండి. ఒక కాలిని గాలికి తెరిచి ఉంచండి. రెండో కాలిని ఒక చిన్న ఖాళీ సీసా మీదుగా ఫిల్టరు పెట్టె శుభ్రమైన వైపు అమర్చిన ఇత్తడి నిపిల్‌కు కలపండి. సీసా మధ్యలో ఎందుకంటే, పొరపాటున నీరు పైకి లేచినా అది సీసాలో ఆగుతుంది, టర్బోలోకి పోదు. ఈ సీసా లేకుండా పరీక్ష చేయవద్దు. నిపిల్ కోసం మీ పెట్టె మూతకు రంధ్రం వేయడం ఇష్టం లేకపోతే పాత సామాన్ల దుకాణంలో అదే మోడలు మూత ఇంకొకటి సంపాదించి దానికి వేయండి. రంధ్రం వేసిన తరువాత మూతను సబ్బునీటితో కడిగి, ప్లాస్టిక్ పొట్టు ఒక్కటి కూడా మిగలకుండా ఆరబెట్టండి.

పక్కసీటులో కూర్చున్నవారు పట్టీని నిటారుగా పట్టుకుని ఫోనులో వీడియో తీస్తుండగా, ఖాళీ రోడ్డు మీద రెండో గేరులో ఇంజను గరిష్ఠ ఆర్‌పీఎం దగ్గరికి వెళ్ళే వరకు ఒకసారి పూర్తిగా నొక్కండి. రెండో గేరు చాలు, వేగం పరిమితిలోనే ఉంటుంది. వీడియోలో రెండు కాళ్ళ నీటి మట్టాల మధ్య గరిష్ఠ తేడాను టేపుతో చూడండి. 10 సెంటీమీటర్ల తేడా అంటే సుమారు 1 కిలోపాస్కల్. నా అభిప్రాయంలో 20 సెంటీమీటర్ల లోపు ఉంటే ఫిల్టరు గురించి దిగులు పడనక్కరలేదు, 40 దాటితే తప్పనిసరిగా ఏదో ఒక చోట ఇరుకు ఉంది. ఆ ఇరుకు ఎక్కడో తెలుసుకోవడానికి కొత్త పేపరు ఫిల్టరు వేసి ఒకసారి, ముందరి గాలిమూతి గొట్టం (పెట్టెలోకి గాలి తెచ్చే మొదటి ముక్క) తీసి మరొకసారి కొలవండి. ఏది మార్చినప్పుడు నీళ్ళు దిగాయో అదే దోషి. ఎంత చిన్న పరీక్షకైనా ఫిల్టరు తీసేసి మాత్రం రోడ్డెక్కవద్దు.

చాలా కార్లలో తేలేదేమిటంటే, పేపరు ఫిల్టరు వల్ల నష్టం స్వల్పం, దాని ముందు కంపెనీవారు చప్పుడు తగ్గించడానికి పెట్టిన సన్నని, వంకరల గాలిమూతి వల్లనే నష్టం ఎక్కువ. అందుకే పెట్టెను ఉంచి మూతిని మార్చమని నేను చెబుతున్నాను.

గాలి తీసుకునే చోటు ఎంచుకోవడం

గాలి తీసుకునే నోరు రేడియేటరుకూ, ఏసీ కండెన్సరుకూ ముందు ఉండాలి, వెనక ఉండకూడదు. వాటి గుండా వచ్చిన గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది. బానెట్ తెరిచి, గ్రిల్ పైభాగం వెనక, బానెట్ లాక్ ఉండే అడ్డపట్టీ మీద చూడండి. చాలా కార్లలో అక్కడ పలుచని నోటికి చోటు ఉంటుంది, ఎత్తు కూడా తగినంత ఉంటుంది. నా లెక్కలో మన జిల్లాలకు ఇదే అన్నిటికంటే మంచి చోటు. హెడ్‌లైటు పక్కన, బంపరు పైభాగంలో ఉండే సందు రెండో మంచి చోటు.

విదేశీ కిట్లను చూసి ఫిల్టరును బంపరు కింద, చక్రం పక్కన అమర్చేవారున్నారు. చల్లని దేశాల పొడి రోడ్ల మీద ఆ పద్ధతికి అర్థం ఉండవచ్చు. మన దగ్గర మే నెల మధ్యాహ్నం తారురోడ్డు 60 డిగ్రీలు దాటి కాలుతుంది, రోడ్డుకు జానెడు ఎత్తులోని గాలి నడుము ఎత్తులోని గాలి కంటే వేడిగా ఉంటుంది. పైగా చక్రం లేపే దుమ్మంతా అక్కడే ఉంటుంది, వాన పడితే నీరూ అక్కడే ఉంటుంది. మూడు విధాలా చెడ్డ చోటు అది.

నోటి వైశాల్యం టర్బోకు వెళ్ళే పైపు వైశాల్యం కంటే తక్కువ ఉండకూడదు. 70 మిల్లీమీటర్ల పైపుకు సుమారు 38 చదరపు సెంటీమీటర్లు కావాలి కనుక, 13 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల ఎత్తు గల పలుచని నోరు సరిపోతుంది, కొంచెం ఎక్కువ ఉంటే ఇంకా మంచిది. దీన్ని 1 మిల్లీమీటరు అల్యూమినియం రేకుతో నెల్లూరు ఆటోనగర్ లాంటి చోట ఏ టింకరింగ్ షాపులోనైనా మడిపించుకోవచ్చు, కాకపోతే ముందుగా మీరే అట్టముక్కతో అచ్చు చేసి, బానెట్ మూసి చూసి, ఎక్కడా తగలడం లేదని నిర్ధారించుకుని, ఆ అచ్చును ఇవ్వండి. నోటి అంచును బయటికి గుండ్రంగా తిప్పించండి. పదునైన అంచు దగ్గర గాలి సుడి తిరిగి దారి ఇరుకవుతుంది. నోటికి అడ్డంగా ముతక జాలీ బిగిస్తే ఎండుటాకులు, పాలిథిన్ ముక్కలు ఆగుతాయి. దోమతెర లాంటి సన్నని జాలీ వేయవద్దు, నాలుగు రోజుల్లో పురుగులతో నిండిపోతుంది.

పెట్టె, తడక

కంపెనీ పెట్టె ఉంటే దాన్నే వాడండి. దాని ప్లాస్టిక్ గోడలు వేడిని మెల్లగా మాత్రమే లోపలికి రానిస్తాయి, రబ్బరు అంచు దుమ్మును ఆపుతుంది, నీరు కారే రంధ్రం అడుగున ముందే ఉంటుంది. కొత్త మూతిని పెట్టె పాత రంధ్రానికి కలపండి, ఆ రంధ్రం చిన్నదైతే దుమ్ము వైపు మాత్రమే పెద్దది చేయండి.

ఇప్పటికే ఓపెన్ ఫిల్టరు పెట్టుకుని, పెట్టె ఎక్కడో పోగొట్టుకున్నవారు ఫిల్టరు చుట్టూ తడకలా ఒక గది కట్టాలి. మూడు వైపులా అల్యూమినియం రేకు నిలబెట్టి, నాలుగో వైపు కొత్త మూతికి కలిపి, పైభాగం బానెట్‌తో మూసుకునేలా చేయాలి. అసలు రహస్యమంతా ఆ పై అంచులోనే ఉంది. తలుపులకు వాడే బోలు రబ్బరు బీడింగును రేకు అంచు పొడవునా తొడిగి, దాని మీద చాక్‌పీసు పొడి రుద్ది, బానెట్ మెల్లగా మూసి మళ్ళీ తెరవండి. బానెట్ అడుగున తెల్లని గీత ఎక్కడా తెగకుండా పడితే మూత సరిగా కూర్చున్నట్టు. గీత తెగిన చోట వేడి గాలి దూరుతున్నట్టే, అక్కడ రేకును కొంచెం లేపండి లేదా లావు బీడింగు వేయండి. పైభాగం తెరిచి ఉన్న తడక చూడడానికి బాగుంటుంది గానీ థర్మామీటరు దగ్గర తేడా ఏమంత కనబడదు.

రేకును కారు బాడీకి బోల్టులతో బిగించండి. ఫిల్టరు దాటిన తరువాత, శుభ్రమైన వైపు, పాప్ రివెట్లు గానీ చిన్న స్క్రూలు గానీ ఎక్కడా ఉండకూడదు. రివెట్ కాడ తల ఒకటి ఊడినా అది నిమిషానికి లక్షన్నర సార్లకు మించి తిరిగే కంప్రెసర్ చక్రాన్ని తాకుతుంది, ఆ తరువాత టర్బో మార్చుకోవడం ఒక్కటే మిగులుతుంది.

పైపు

140 హార్స్‌పవర్ ఇచ్చే పెట్రోలు ఇంజనుకు నిమిషానికి సుమారు 6.3 కిలోల గాలి కావాలి. 40 డిగ్రీల వేడిలో అది సెకనుకు 94 లీటర్లవుతుంది. 60 మిల్లీమీటర్ల లోవ్యాసం ఉన్న పైపులో ఆ గాలి సెకనుకు 33 మీటర్ల వేగంతో, 70 మిల్లీమీటర్ల పైపులో 24 మీటర్ల వేగంతో పోతుంది. ఒత్తిడి నష్టం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక ఈ 10 మిల్లీమీటర్ల మార్పు నష్టాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది. ఈ స్థాయి ఇంజనుకు అంతకంటే పెద్ద పైపు వల్ల లాభం లేదు.

పైపు మార్చే ముందు ఫిల్టరు పెట్టె తరువాత పైపు మీద నాలుగైదు వైర్ల సాకెట్‌తో సెన్సారు ఉందేమో చూడండి. ఉంటే అది ఇంజనులోకి పోయే గాలి ఎంతో కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సారు కావచ్చు. డీజిల్ కార్లలో ఇది దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఆ సెన్సారు తన చుట్టూ ఉన్న పైపు వ్యాసాన్ని బట్టే గాలిని లెక్కిస్తుంది. 70 మిల్లీమీటర్ల చోట 76 మిల్లీమీటర్ల పైపు పెడితే వైశాల్యం 18 శాతం పెరుగుతుంది, సెన్సారు మాత్రం పాత లెక్కే చెబుతుంది, పెట్రోలు ఇంజనులో మిశ్రమం పలచబడుతుంది. బూస్టు మీద పలచని మిశ్రమం పిస్టన్లను కాల్చివేస్తుంది. కాబట్టి సెన్సారు ఉన్న ముక్కను కంపెనీ వ్యాసంలోనే ఉంచండి, లేదా రీమ్యాప్ చేసినవారి చేత ఆ లెక్క సరిచేయించండి. అలాంటి సెన్సారు లేకుండా మానిఫోల్డు ఒత్తిడిని బట్టి నడిచే కార్లకు ఈ చిక్కు ఉండదు.

పైపుకు 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం లేదా గట్టి నైలాన్ ప్లాస్టిక్ వాడండి. ఇంటి నీళ్ళ పీవీసీ పైపు వాడవద్దు, బానెట్ కింది వేడికి అది మెత్తబడి అణగిపోతుంది. వంపుల దగ్గర సిలికాన్ హోస్ వాడితే, లోపల తీగ ఉన్నదే తీసుకోండి, టర్బోకు ముందు పైపులో ఉండేది పీల్చే ఒత్తిడి కనుక పలుచని హోస్ పూర్తి లోడు మీద నలిగి మూసుకుపోతుంది. పైపు చివరలకు లేత్ షాపులో చిన్న గట్టు తీయించండి, అప్పుడు హోస్ జారదు. సముద్రానికి దగ్గరగా, కొత్తపట్నం, మైపాడు వైపు ఉండేవారు క్లిప్పులను 304 స్టెయిన్‌లెస్ స్టీలువే కొనాలి, మామూలు క్లిప్పులు ఉప్పుగాలికి తుప్పు పట్టి బిగువు వదులుతాయి.

పైపు చుట్టూ బంగారు రంగు వేడి నిరోధక టేపు చుట్టడం గురించి చాలామంది అడుగుతారు. 70 సెంటీమీటర్ల పైపును గాలి దాటడానికి పూర్తి లోడు మీద సెకనులో సుమారు ముప్పయ్యో వంతు మాత్రమే పడుతుంది, అంతలో అది పీల్చుకునే వేడి చాలా తక్కువ. ఎగ్జాస్ట్ మానిఫోల్డుకు మరీ దగ్గరగా పోయే ముక్క మీద చుట్టండి, మిగతా డబ్బు బీడింగు మీద పెట్టండి.

పాత పైపు తీసినప్పుడు క్రాంక్‌కేస్ బ్రీదరు గొట్టం (ఇంజను లోపలి నూనె ఆవిరిని ఇన్‌టేక్‌కు తెచ్చేది), బూస్టు వదిలే వాల్వు తిరుగు గొట్టం ఎక్కడ కలిసి ఉన్నాయో ఫోటో తీసుకుని, కొత్త పైపు మీద అవే చోట్లలో కలపండి. బ్రీదరును గాలికి వదిలేస్తే అక్కడి నుంచి దుమ్ము లోపలికి పోతుంది, నూనె ఆవిరి బయటికి వస్తుంది. పైపు విప్పి ఉన్నంతసేపూ టర్బో నోటిలో పెద్ద ఎర్ర గుడ్డ కుక్కి, దాని కొస బయట వేలాడేలా ఉంచండి, బిగించే ముందు మరిచిపోకుండా తీయండి. తీసిన వెంటనే కంప్రెసర్ చక్రం మధ్య నట్టును రెండు వేళ్ళతో పట్టి కదపండి. పక్కలకు చాలా స్వల్పంగా ఆడవచ్చు, రెక్కలు గోడకు తగలకూడదు. ముందుకూ వెనక్కూ ఆట తెలిసిందంటే ఇన్‌టేక్ పని ఆపి టర్బో సంగతి చూసుకోండి.

దుమ్ము

చల్లదనం కోసం దుమ్మును లోపలికి రానిస్తే, మన జిల్లాల్లో దానికి ఇంజను మూల్యం చెల్లిస్తుంది. చీమకుర్తి గ్రానైటు క్వారీల వైపు, సైదాపురం మైకా గనుల వైపు తిరిగే కారు ఫిల్టరు విప్పితే మడతల్లో వేలికి అంటుకునేంత మెత్తని పొడి కనబడుతుంది. గ్రానైటులో, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ కంప్రెసర్ చక్రపు అల్యూమినియం కంటే ఎంతో గట్టిది. అది రెక్కల ముందంచును అరగదీస్తుంది, అక్కడి నుంచి సిలిండర్లోకి పోయి పిస్టను రింగులను తింటుంది.

అందువల్ల ఫిల్టరు ఎంపికలో నా మాట సూటిగా చెబుతాను. మంచి పేపరు ఫిల్టరు గానీ, పొడి సింథటిక్ ఫిల్టరు గానీ వాడండి. నూనె పూసే కాటన్ ఫిల్టరు గాలిని కొంచెం సులువుగా వదులుతుంది, నిజమే, కానీ మెత్తని పొడిని ఆపే విషయంలో పేపరుకు సాటి రాదు. నూనె ఎక్కువ పూస్తే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సారు తీగ మీద పొర కడుతుంది, తక్కువ పూస్తే దుమ్ము ఆగదు. తారు రోడ్డు తప్ప తెలియని కారుకు అది చెల్లుతుంది, క్వారీ లారీల వెనక పోయే కారుకు చెల్లదు.

ఫిల్టరు మూసుకుందో లేదో మీరు తయారుచేసుకున్న లెవెల్ గొట్టమే చెబుతుంది. కొత్త ఫిల్టరుతో వచ్చిన అంకె కంటే 10 సెంటీమీటర్లు పెరిగినప్పుడు మార్చండి. కంప్రెసర్ గాలిని ఎక్కువ ఒత్తిడితో పేపరు మీదికి కొట్టి దులపడం పెట్రోలు బంకుల్లో అలవాటుగా సాగుతున్నది, అది కాగితంలో కంటికి కనబడని చీలికలు చేస్తుంది. మెల్లగా నేల మీద తట్టి దులపండి, అంతకు మించి పనికి రాదు.

కొత్త ఇన్‌టేక్ వేసి ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక పైపు విప్పి, తెల్లని నూలుగుడ్డను వేలికి చుట్టి, ఫిల్టరు తరువాతి గోడను, ప్రతి జాయింటు లోపలి అంచును తుడవండి. గుడ్డ మీద నూనె తడి కనబడితే అది బ్రీదరుది కావచ్చు, భయం లేదు. బూడిదరంగు లేదా ఎర్రమట్టి గీత కనబడితే ఆ గీత మొదలైన చోటే లీకు ఉంది. గీత పెట్టె అంచు నుంచి వచ్చిందా, హోస్ కింది నుంచి వచ్చిందా అన్నది చూపుకే తెలుస్తుంది. అది మూసేదాకా ఆ కారును మట్టిరోడ్డు మీదికి తీసుకుపోవద్దు.

నీరు

మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండాలతో ఒక్కసారిగా పడతాయి. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర హైవే, రైలుమార్గం తెగిన సంగతి అందరికీ గుర్తుంది. అంత వరద అక్కరలేదు, గట్టి వాన గంటసేపు పడితే చాలు, నెల్లూరులో మాగుంట లేఔట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జిల కింద బంపరు ఎత్తు నీరు నిలుస్తుంది. నీరు గాలిలా నొక్కుకుపోదు, సిలిండర్లోకి కొద్దిగా వెళ్ళినా కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

నోరు బానెట్ లాక్ ఎత్తులో ఉంటే మామూలు వానకు భయపడనక్కరలేదు. పెట్టె అడుగున నీరు కారే రంధ్రాన్ని మూయకండి, కొత్తగా కట్టిన గదికైతే అన్నిటికంటే పల్లంలో 6 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. ఎదురుగా వచ్చే లారీ చిమ్మిన నీరు నేరుగా ఫిల్టరును తాకకుండా, మూతి పెట్టెలో కలిసే ముందు ఒక చిన్న ఎత్తైన గట్టు ఉండేలా మడిపించండి. నిలిచిన నీటిలో ఇంజను ఆగిపోతే మళ్ళీ స్టార్టు చేయవద్దు. కారును తోయించి గట్టున పెట్టి, ఫిల్టరు తడిసిందేమో చూసి, తడిసి ఉంటే స్పార్కు ప్లగ్గులు తీయకుండా ఇంజను తిప్పవద్దు.

మిగిలిన చిన్న పనులు, తిరిగి కొలవడం

రేడియేటరు, ఇంటర్‌కూలరు, కండెన్సరు చుట్టూ ఉన్న సందులను ఫోము పట్టీలతో మూయండి. నిలబడినప్పుడు ఫ్యాను వెనక్కి తోసిన వేడి గాలి ఆ సందుల గుండా మళ్ళీ ముందుకు వచ్చి మీ కొత్త నోటిలోకి పోతుంది. ఖర్చు దాదాపు లేని ఈ పని ట్రాఫిక్‌లోని అంకెను గట్టిగా దించుతుంది, ఏసీ కూడా బాగా చల్లబరుస్తుంది. ఇంటర్‌కూలరు రెక్కలను తక్కువ ఒత్తిడి నీటితో, వెనక నుంచి ముందుకు కడగండి.

తరువాత మొదట చేసిన మూడు ఉష్ణోగ్రత కొలతలూ, గొట్టం కొలతా అదే రోడ్డు మీద, అదే వేళకు మళ్ళీ తీసుకోండి. 80 కిలోమీటర్ల వేగంలో తేడా 5 డిగ్రీల లోపుకు రావాలి, ట్రాఫిక్ దాటాక అది ఒకటి రెండు నిమిషాల్లో దిగాలి. నిలబడినప్పటి అంకె పూర్తిగా ఎప్పటికీ దిగదు, దాని కోసం ఇంకా ఖర్చు పెట్టవద్దు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాటు ఎక్కేటప్పుడు తక్కువ వేగంలో ఎక్కువ బూస్టు మీద నడుస్తుంది కనుక, ఓబీడీలో మానిఫోల్డు గాలి వేడి ఎంత నిలకడగా ఉందో చూడడానికి ఆ దారి చక్కని పరీక్ష. అంకెలు బాగున్నాకే రీమ్యాప్ చేసినవారికి ఓబీడీ నమోదు చేసిన ఆ అంకెల జాబితా (లాగ్) పంపి, స్పార్కు టైమింగ్ సరిచూడమని అడగండి.

కారు వారంటీలో ఉంటే ఇన్‌టేక్ మార్పును కారణంగా చూపి టర్బో క్లెయిము నిరాకరించే అవకాశం ఉంది, కనుక కంపెనీ భాగాలన్నీ భద్రంగా దాచండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ఆర్‌సీలో నమోదైన వివరాలకు భిన్నంగా మార్పులు చేయడాన్ని నిషేధిస్తుంది. ఇన్‌టేక్ మూతి ఆ వివరాల్లో ఉండదు గానీ, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయడం, పొల్యూషన్ సర్టిఫికెట్ సరిగా ఉంచుకోవడం మీ బాధ్యత.

ఇక ఏడాదికి రెండుసార్లు దీన్ని విప్పి చూడండి. మార్చి నెలలో ఫిల్టరు, బీడింగు, చాక్‌పీసు గీత పరీక్ష. సెప్టెంబరు చివర, వానలు మొదలయ్యే ముందు, నీరు కారే రంధ్రంలో సన్నని తీగ దూర్చి మట్టి తీయడం, క్లిప్పులు బిగించడం, జాలీ కడగడం.